అమావాస్య తెలియని సాఫ్ట్‌వేర్

మా సారు ఆ అమ్మాయిని నా ఎదుట మొదటిసారి మెచ్చుకున్నప్పుడు నా నోట్లో సగం సమోసా ఉంది. మింగాలో ఉమ్మాలో తేలక కాసేపు అలాగే బుగ్గన పెట్టుకున్నాను.

"కోదాడ పిల్ల చెప్పిందయ్యా, మన నెట్‌వర్క్ స్విచ్‌ల పాస్‌వర్డులన్నీ ఒక్కటే ఉన్నయట. ఇల్లంత తాళాలేసి అన్నిటికీ ఒకటే చెవి పెట్టినట్టట. ఎంత మంచిగ చెప్పిందో సూడు."

ఆ పాస్‌వర్డులు పెట్టింది నేనే. గుర్తుంచుకోవడం తేలికని పెట్టాను. ఆ సంగతి సారుకు తెలియదు కాబట్టి, "అవును సార్, మంచి పాయింటు" అని మెచ్చుకోలులో నేనూ ఓ చెయ్యి వేశాను. సమోసా అరగడానికి సాయంత్రమైంది.

మా కంపెనీ అంటే మరీ పెద్దగా ఊహించుకోవద్దు. మిర్యాలగూడలో రెండు రైసు మిల్లులు, కోదాడలో ఒక గోదాము, దాని ముందు లారీలు తూచే వేబ్రిడ్జి, సూర్యాపేటలో హెడ్డాఫీసు. అంతే. ఈ మూడు చోట్లా ఉన్న సర్వర్లు, కెమెరాలు, యూపీఎస్‌లు బతికున్నాయా అని నిమిషానికోసారి పలకరించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. బతికుంటే తెర మీద ఆకుపచ్చ చుక్క. నలతగా ఉంటే పసుపు. పోతే ఎరుపు. హెడ్డాఫీసులో గోడకు తగిలించిన పెద్ద టీవీలో ఆ చుక్కలు కనిపిస్తాయి, వాటి ఎదుట నేను కనిపిస్తాను. ఎవరైనా ఏం పని అని అడిగితే 'మానిటరింగ్' అంటాను. మా అమ్మ మాత్రం "టీవీ చూస్తడు, జీతమిస్తరు" అని చెబుతుంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

ఎర్ర చుక్క వస్తే నా ఫోనుకు అలర్టు వస్తుంది. సారు పట్టుబట్టి తన ఫోనుకు కూడా పెట్టించుకున్నారు. "నా మిల్లు సంగతి నాకంటె ముందు నీకెట్ల తెలుస్తది?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

ఇక ఆ అమ్మాయి. ఆమె కోదాడ వేబ్రిడ్జి దగ్గర తూకం చీటీలు కొట్టడానికి చేరింది. ఒకరోజు ఇంటర్నెట్ పోతే ఫోన్ చేసింది. ఏ వైరు పీకి ఏ రంధ్రంలో పెట్టాలో గంటసేపు ఓపికగా చెప్పాను. ఆ ఓపికే నా కొంప ముంచింది. మర్నాడు మళ్ళీ చేసి, "అన్నయ్యా, నిన్న ఆ వైరు అక్కడే ఎందుకు పెట్టమన్నారు?" అని అడిగింది. నాలుగేళ్ళలో నాకు ఒక్కసారి కూడా రాని ప్రశ్న అది. అక్కడ పెడితే పనిచేస్తుంది కాబట్టి పెడతాం, ఇందులో ఎందుకేమిటి? ఆమె మాత్రం ఎందుకో కనుక్కుంది. కొన్నాళ్ళకు చీటీలు కొట్టడానికి వేరే మనిషిని పెట్టి, ఆమెను నాకు సహాయంగా కంప్యూటర్ల పనిలోకి మార్చారు. వైరు పెట్టడం నేను నేర్పాను. నేర్చుకోవడం ఆపకపోవడం ఎవరు నేర్పారో నాకు తెలియదు. తెలిస్తే వాళ్ళ మీద కూడా అసూయపడేవాణ్ని.

అలా ఉండగా సాఫ్ట్‌వేర్ వాళ్ళ నుంచి కబురొచ్చింది. పాత వెర్షన్‌కు ఇక మందూ మాకూ ఉండవు, కొత్తదానికి మారాల్సిందేనని. వానాకాలం వడ్లు మిల్లుకు రాకముందే ఆ పని కావాలి. సారు మా ఇద్దరినీ సూర్యాపేటకు పిలిపించి కూర్చోబెట్టారు.

"ఇద్దరు కలిసి చెయ్యుండ్రి. అయినంక మూడు జాగలకు కలిపి ఒక ఇంచార్జిని పెడ్త. మిర్యాలగూడల కొత్త గది కట్టిస్తున్న, ఏసీ పెట్టి. ఎవలు కూసుంటరో మీ పని జూసి చెప్త."

నా వంక చూసి చెప్పారా, ఆమె వంక చూసి చెప్పారా అన్నది నేను చాలా రోజులు ఆలోచించాను. నిజానికి గోడ గడియారం వంక చూస్తూ చెప్పారు. ఆ సాయంత్రం పెన్‌పహాడ్‌లో ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపు మా వాడకట్టులో నేను ఇంచార్జినైపోయాను. పక్కింటి పెద్దమ్మ వచ్చి, "ఏసీ గదంట గద బిడ్డా, దుప్పటి తీస్కపో" అంది. ఇలా ఒకసారి ఊళ్ళో ఎక్కిన పదవి దిగాలంటే చాలా కష్టం.

ఇక్కడ అమావాస్య సంగతి చెప్పాలి. మా మిల్లుల్లో అమావాస్య నాడు పని ఉండదు. హమాలీలు రారు, బాయిలర్ ఆరిపోతుంది, మిషన్లు కడిగి బొట్లు పెట్టి కొబ్బరికాయ కొడతారు. త్రిపురారం నుంచి వచ్చే మిల్లు సూపర్‌వైజరు పెద్దాయన ఇంకో అడుగు ముందుకు వేసి మెయిన్ స్విచ్ కూడా దించేస్తాడు. మర్నాడు పొద్దున మళ్ళీ ఎత్తుతాడు. కొన్ని గంటల్లో యూపీఎస్‌లు కూడా చేతులెత్తేస్తాయి. దాంతో మా టీవీలో మిర్యాలగూడ మొత్తం ఎర్రబడుతుంది. నేను చేరిన కొత్తలో ఒక అమావాస్యకు, ఎవరింట్లోనో శుభకార్యంలో ఉన్న సారు ఫోనుకు తొంభైకి పైగా అలర్టులు వెళ్ళాయి. అప్పుడు ఆయన నాతో మాట్లాడిన మాటలు శుభకార్యంలో అనదగినవి కావు.

దానికి నేనొక ఉపాయం చేశాను. సాఫ్ట్‌వేర్‌లో ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా అరవకు అని చెప్పే వీలుంది. అయితే దానికి వారాలు తెలుసు, తేదీలు తెలుసు, తిథులు తెలియవు. ఏ దేశంలో రాశారో, అక్కడ మిల్లులకు అమావాస్య లేదు కాబోలు. అందుకని ఏటా క్యాలెండరు ముందు పెట్టుకుని, పన్నెండు అమావాస్యలూ వెతికి చేత్తో ఎక్కించేవాణ్ని. మిల్లు నిద్ర లేచి ఒళ్ళు విరుచుకునే దాకా ఆగుదామని మర్నాడు మధ్యాహ్నం వరకూ మౌనం పెట్టేవాణ్ని. ఈ ఉపాయం ఎవరికీ చెప్పలేదు. అమావాస్య నాడు ఫోను మోగకపోయేసరికి సారు అది నా సమర్థత అనుకున్నారు. నేను ఖండించలేదు.

అప్‌డేట్ పని పంచుకున్నాం. కొత్త వెర్షన్‌తో పాటు వచ్చిన సూచనల పత్రం చదివే పని ఆమె తీసుకుంది. నలభై పేజీలు. అలాంటివి నేను చివరి పేజీ దాకా దించి 'అంగీకరిస్తున్నాను' నొక్కుతాను. ఆమె అచ్చు తీయించి, రంగు పెన్నుతో గీతలు కొట్టి, పుట్టినింటి ఉత్తరంలా చదివింది. ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఒకటి అడగనా? ఇందులో అలర్టులు ఆపడానికి చేత్తో పెట్టిన తేదీలేమైనా ఉంటే కొత్తదాంట్లోకి రావంట. మళ్ళీ మనమే ఎక్కించుకోవాలంట. మీరేమైనా పెట్టారా?"

క్యాలెండరు నా ఎదుటే గోడకు వేలాడుతోంది. అమావాస్య ఇంకా తొమ్మిది రోజులుంది. అప్‌డేట్ ఆమె చేతుల మీదుగా అవుతుంది. ఆ తర్వాత వచ్చే అమావాస్యకు సారు ఫోను మోగుతుంది, మోగుతూనే ఉంటుంది. ఇన్నేళ్ళూ నేను చూసినప్పుడు రాని అలర్టులు ఆమె ముట్టుకోగానే వచ్చాయేమని ఆయన అడుగుతారు.

ఇదంతా ఆలోచించడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. ఆమె మళ్ళీ 'అన్నయ్యా?' అనేలోపే అయిపోయింది.

"ఏం లేవు చెల్లె. నువ్వు జేసెయ్" అన్నాను.

"సరే అన్నయ్యా, మీరున్నారు కాబట్టి ధైర్యం" అని పెట్టేసింది. ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండేది.

అప్‌డేట్ ఆదివారం పొద్దున పెట్టుకున్నాం. సూర్యాపేటలో సర్వర్ ముందు నేను, కోదాడలో ఆమె. ముందు పాతదానికంతా ఒక నకలు తీయించింది. ఆ తర్వాత ఒక్క కంప్యూటర్ మీద ప్రయత్నించి, గంటసేపు ఆగి, అప్పుడు మిగతావి మొదలుపెట్టింది. నేనైతే అన్నీ ఒక్కసారే నొక్కి టిఫిన్‌కు వెళ్ళేవాణ్ని. పదకొండు గంటలకు తెర మీద కోదాడ చుక్కలన్నీ బూడిద రంగుకు తిరిగాయి. బూడిద రంగంటే బతికుందో లేదో సాఫ్ట్‌వేర్‌కు తెలియదని అర్థం.

నాకు లోపల ఒక చిన్న పండగ మొదలైంది. పైకి మాత్రం, "అయ్యో, ఏమైంది చెల్లె? పరేషాన్ గాకు, జర చూద్దాం" అన్నాను. ఆమె పరేషాన్‌గా లేదు. ప్రతి కంప్యూటర్లో కూర్చుని కబుర్లు చేరవేసే చిన్న ప్రోగ్రాము నడుస్తోందా అని చూసింది. నడుస్తోంది. తీగ బాగుందా అని చూసింది. బాగుంది. పదిహేను నిమిషాల తర్వాత, "అన్నయ్యా, దొరికింది. కోదాడ కంప్యూటర్లన్నీ పదకొండు నిమిషాలు వెనకున్నాయి. కొత్త వెర్షను గడియారం తేడా ఉంటే కబురు నమ్మదంట. పాతది పట్టించుకునేది కాదు" అంది.

గడియారాలు సరిచేసింది. చుక్కలు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. నా పండగ పందిరి పీకేశారు.

మర్నాడు సారు టీవీ ముందు నిలబడి, "పచ్చగ నాటేసిన మడి లెక్క ఉన్నది. కోదాడ పిల్ల చేతిల పడ్డంక తెర కూడ నిగనిగలాడుతున్నది" అన్నారు. తెర నిగనిగలాడటానికి కారణం ఆ పొద్దున నేను బట్టతో తుడవడం. చెబుదామనుకున్నాను. ఇంత దిగజారడం బాగుండదనిపించి ఊరుకున్నాను. నాకూ కొన్ని హద్దులున్నాయి, అవి ఇలాంటి పనికిరాని చోట్ల ఉన్నాయి.

నా బతుకులో అమావాస్య కోసం రోజులు లెక్కపెట్టింది ఆ వారమే.

ఆ రోజు పొద్దున పదిన్నరకు సారు నా బల్ల దగ్గరే నిలబడి ఉన్నారు. ముందు ఆయన జేబులో ఫోను ఒకసారి గుర్రుమంది. తర్వాత రెండుసార్లు. ఆ తర్వాత ఆగలేదు. టీవీలో మిర్యాలగూడ వరుసలన్నీ ఎర్రబడ్డాయి.

"ఏంది గిది? మిర్పకాయలు ఆరవోసినట్టున్నది! పోను సూడు, జొరమొచ్చినట్టు వణుకుతున్నది."

"అదేంది సార్, నాక్కూడ సమజైతలేదు" అన్నాను. ఆశ్చర్యం మొహం అద్దంలో రెండు రోజులు సాధన చేసింది పనికొచ్చింది. "అప్‌డేట్ అయినంకనే గిట్ల అయితున్నది. ఇంతకుముందైతే ఎన్నడు రాకపోయె."

సారు ఆమెకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. నేను కుర్చీ కాస్త దగ్గరకు లాక్కున్నాను.

"బిడ్డా, ఏం జేసినవ్? మిల్లు మొత్తం సచ్చిపోయిందంటున్నది నీ సాఫ్ట్‌వేర్!"

"చూస్తున్నాను సార్. ఇవాళ అమావాస్య కదా, మెయిన్ దించి ఉంటారు. మిషన్లు ఆగితే పర్వాలేదు. కానీ ఈ లిస్టులో ఒకటి ఆగకూడదు సార్."

"ఏంది?"

"బ్యాకప్ పెట్టె. మూడు చోట్ల తూకం చీటీలు, రైతుల వివరాలు అన్నిటికీ నకళ్ళు అందులోనే ఉంటాయి. దానికి వేరే లైను ఉండాలి. ఇలా ఉన్నట్టుండి కరెంటు పోతే లోపల డిస్కులు దెబ్బతింటాయి. నేను ఇప్పుడే హుజూర్‌నగర్ మీదుగా బస్సులో వెళ్తాను."

సారు ఫోను పెట్టి నా వైపు చూశారు. "నువ్వు గూడ పో" అన్నారు.

నేను చేరేసరికి ఆమె అప్పటికే అక్కడుంది. మిల్లు నిశ్శబ్దంగా, కడిగిన గిన్నెలా ఉంది. ఆఫీసు గదిలో బ్యాకప్ పెట్టె మీద నిమ్మకాయ, పసుపు, నాలుగు బంతిపూలు. సూపర్‌వైజరు పెద్దాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"దీన్ని బంద్ చేయొద్దు తాతా" అంటోంది ఆమె.

"ప్రతి అమాసకు చేస్తనే ఉన్న గద బిడ్డా. అమాస నాడు కరెంటు పారితె మిషన్లకు మంచిగ గాదు. నాలుగేండ్లాయె, ఇన్నొద్దులు ఎవ్వలు అడగలే. గీ పిల్లగానికి తెల్వదా?"

గీ పిల్లగాడంటే నేను. నిమ్మకాయ వైపు చూస్తూ నిలబడ్డాను.

పెద్దాయనతో స్విచ్ ఎత్తించింది. పెట్టె గుర్రుమని లేచింది, లేస్తూనే మూడుసార్లు కీచుమంది. అదే నిమిషంలో మా ఫోన్లకు ఒక అలర్టు: రెండు డిస్కుల్లో ఒకటి పనిచేయడం లేదు. రెండోదానిలో లోపాలు ఉన్నాయి.

ఆమె ల్యాప్‌టాప్ తగిలించి ఆ పెట్టె తనలో తాను రాసుకునే చిట్టా తెరిచింది. నేను ఆమె భుజం మీదుగా చూస్తున్నాను. అదే మాట. ఒక డిస్కు పనిచేయడం లేదు. నెలకొకసారి, ఎనిమిది నెలలుగా. ఆ పెట్టె తన నొప్పి నిద్ర లేచేటప్పుడు ఒక్కసారే చెబుతుంది, తర్వాత ఓర్చుకుని పనిచేస్తుంది. అది నోరు తెరిచిన ఆ ఒక్క పూట, ప్రతి నెలా, నేను దాని నోరు మూసి పెట్టాను.

ఆమె తన ఫోనులో క్యాలెండరు తీసింది. ఒక్కో తేదీ పక్కన వేలు పెట్టి చూసింది.

"అన్నయ్యా, ఇవన్నీ అమావాస్య మర్నాళ్ళే."

"అవునా?"

"ఎనిమిది నెలలుగా అరుస్తుంటే మనకు ఒక్కటీ రాలేదెందుకు?" అని నా వైపు తిరిగింది. కోపం లేదు. వైరు అక్కడే ఎందుకు పెట్టాలని అడిగినప్పుడు ఎలా అడిగిందో అలాగే అడిగింది. జవాబు నేను చెప్పకముందే ఆమె మొహంలోకి వచ్చేసింది. "తేదీలేమీ పెట్టలేదన్నారు కదా?"

నాకు సాధారణంగా ఇలాంటి చోట ఏదో ఒక జోకు దొరుకుతుంది. వెతికాను. పెద్దాయన కూడా నా మొహం వంకే చూస్తున్నాడు.

"పెట్టిన" అన్నాను. "నువ్వు అడిగిన్నాడు లేవని అబద్ధం చెప్పిన. ఇయ్యాల నీ మీదికి రావాలని."

ఆమె నిమ్మకాయను పెట్టె మీద నుంచి తీసి కిటికీలో పెట్టింది. తన సంచిలోంచి బయటి డిస్కొకటి తీసి తగిలించి, ఉన్నదంతా దాంట్లోకి నకలు చేయడం మొదలుపెట్టింది. "రెండోది కూడా పోతే నాలుగేళ్ళ చీటీలు పోతాయి. ముందు ఇది కానివ్వండి" అంది. అంతే. నేను తిట్లకు సిద్ధపడ్డాను. తిట్టి ఉంటే ఇద్దరం సమానమయ్యేవాళ్ళం.

సారు ఫోన్ చేశారు. ఆమె ఎత్తి, డిస్కు సంగతి చెప్పింది. "ఎనిమిది నెలల నుంచి ఒర్రుతుంటె మనకెందుకు తెల్వలే బిడ్డా?" అన్న మాట నాకు వినిపించింది. ఆమె చెప్పేయవచ్చు. చెప్పడానికి ఆమెకు పూర్తి హక్కుంది. "అన్నయ్య ఇక్కడే ఉన్నారు సార్, ఇస్తాను" అని ఫోను నా చేతికిచ్చింది.

ఆ ఫోను పట్టుకుని మిల్లు వాకిట్లోకి నడిచాను. మొత్తం చెప్పాను. క్యాలెండరు, మౌనం, 'ఏం లేవు చెల్లె' అన్నది, పొద్దున ఆశ్చర్యపోయినట్టు నటించింది కూడా. ఇంత నిజం చెప్పడం ధైర్యమేమీ కాదు. ఆమె చెప్పకుండా నాకు వదిలేసింది కాబట్టి చెప్పాను. అందులో కూడా గెలిచింది ఆమే అన్న కడుపుమంటతోనే చెప్పాను.

సారు మొత్తం విన్నారు.

"అమాసకు పోను మోగకుంటె నీ తెలివే అనుకుంటి" అన్నారు చివరికి. "నీ పని నీకుంటది. గాని ఇంచార్జి కోదాడ పిల్లనే. సమజైందా?"

"సమజైంది సార్."

"నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా?"

"నేనే చెప్త."

లోపలికి వచ్చాను. నకలు అరవై నాలుగు శాతం అయింది. డిస్కు వైరు కాస్త వదులుగా ఉన్నట్టుంది, ఆమె దాన్ని రెండు వేళ్ళతో అదిమి పట్టుకుని, మరో చేత్తో ఏదో రాసుకుంటోంది.

"సారు నిన్ను ఇంచార్జిని చేసిండు" అన్నాను.

ఆమె తలెత్తింది. సంతోషం వచ్చింది, దాన్ని నా ముందు చూపించడం బాగుండదని మళ్ళీ వెనక్కి పంపింది. ఈ పని చాలా నెమ్మదిగా, మర్యాదగా చేసింది. నేను ఆమె స్థానంలో ఉంటే ఈపాటికి మిల్లు చుట్టూ ఒక రౌండు వేసి వచ్చేవాణ్ని. ఆ క్షణంలో ఆమె పదవి మీద కన్నా ఆ మర్యాద మీద ఎక్కువ కుళ్ళుకున్నాను.

"అయితే అన్నయ్యా, ఈ వైరు పట్టుకోండి. కదిలితే మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. నేను తాతతో మాట్లాడి దీనికి వేరే లైను ఎక్కడినుంచి లాగాలో చూస్తాను."

స్టూలు లాక్కుని కూర్చుని వైరు పట్టుకున్నాను. అరవై అయిదు శాతం. బయట ఆమె పెద్దాయనకు ఏదో వివరిస్తోంది, ఆయన "గట్లనా బిడ్డా, గట్లనా" అంటున్నాడు. నా మాటకు ఆయన ఎన్నడూ అలా తల ఊపలేదు. వేళ్ళు తిమ్మిరెక్కాయి. వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు, కావాలని వదిలానని మాత్రం ఎవరికీ తెలియదు. ఇంకో చెయ్యి కూడా వేసి, రెండు చేతులతో పట్టుకున్నాను.